రాతి సందుల్లో లూయీసియా: మొదలు కుళ్లకుండా పెంచే విధానం

లూయీసియా కొటిలెడన్ అనే చిన్న బహువార్షిక మొక్క స్వస్థలం అమెరికా పశ్చిమ భాగంలో కాలిఫోర్నియా వాయవ్య మూల నుంచి ఆరెగాన్ నైరుతి మూల దాకా వ్యాపించిన క్లామత్, సిస్కియూ పర్వతాలు. అక్కడ ఇది చదునైన నేలలో కన్నా రాళ్ల మధ్యనే ఎక్కువగా కనిపిస్తుంది. నిట్టనిలువు రాతి గోడల పగుళ్లలో, విరిగిపడిన రాళ్లు పేరుకున్న వాలుల్లో, గుప్పెడు మట్టి కూడా లేని సందుల్లో వేరు దించుకుని, జానెడు వెడల్పున్న దళసరి ఆకుల గుత్తిగా ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. వసంతం ముదిరే వేళకు ఆ గుత్తి నుంచి సన్నని కాడలు లేచి, చారలున్న గులాబీ రంగు పూలను గుంపులు గుంపులుగా విప్పుతాయి. ఇది కొండల మొక్క కాబట్టి దీన్ని పెంచాలనుకునేవారు చాలావరకు చలి గురించి, వేడి గురించి ఆలోచిస్తారు. నిజానికి తోటల్లో ఈ మొక్క చనిపోవడానికి ప్రధాన కారణం చలి కాదు. ఆకుల గుత్తి వేరును కలిసే చోట, అంటే మొక్క మొదట్లో, నిలిచిపోయే తడి. చోటు ఎంపిక, మట్టి, నాటే తీరు, నీరు పోసే పద్ధతి అన్నీ ఆ ఒక్క సంగతిని బట్టే నిర్ణయించుకోవాలి.

మొక్క నిర్మాణం

భూమి పైన కనిపించే గుత్తి కింద ముల్లంగిలా దళసరిగా, కిందికి పోయేకొద్దీ సన్నబడే కండగల వేరు ఉంటుంది. దాని నుంచి సన్నని పీచువేర్లు రాతి సందుల లోతుకు చొచ్చుకుపోతాయి. దళసరి వేరు, దళసరి ఆకులు రెండూ నీటిని నిల్వ చేసుకునేవే. ఈ మొక్క పుట్టిన కొండల్లో వాన, మంచు శీతాకాలంలో పడతాయి. వేసవి దాదాపు పొడిగా గడుస్తుంది. శీతాకాలంలో ఎంత నీరు వచ్చినా అది నిలువు రాతి మీద నుంచి జారిపోతుంది, గుత్తి పక్కకు తిరిగి ఉండటం వల్ల ఆకుల మధ్య చుక్క కూడా నిలవదు. పీచువేర్లకు మాత్రం రాతి లోపలి చల్లని చెమ్మ అందుతూ ఉంటుంది. పై భాగం ఎప్పుడూ ఆరి ఉండి, వేరు కొసలు మాత్రం చల్లగా, కొద్దిపాటి చెమ్మలో ఉండాలన్నమాట. తోటలో మనం తిరిగి కల్పించవలసినది ఈ స్థితినే.

పొడిని తట్టుకునే శక్తి ఈ ప్రజాతికి (అంటే దగ్గరి సంబంధమున్న జాతుల సమూహానికి) ఎంత ఉందో చెప్పే ఉదంతం ఒకటి వృక్షశాస్త్ర చరిత్రలో నమోదై ఉంది. 1806 జూలైలో అమెరికన్ అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ ఇప్పటి మోంటానా రాష్ట్రంలోని బిటర్‌రూట్ లోయలో సేకరించి, కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టిన ఒక మొక్క, తూర్పు తీరానికి చేరిన చాలాకాలం తరువాత కూడా వేరులో ప్రాణం నిలుపుకుని, ఫిలడెల్ఫియాలో నాటినప్పుడు చిగురించింది. దాన్ని పరిశీలించిన వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ పర్ష్ ఆ ప్రజాతికి లూయిస్ పేరునే పెట్టాడు. ఆ మొక్క జాతి లూయీసియా రెడివివా. 1895 నుంచి మోంటానా రాష్ట్ర పుష్పం. ఇటువంటి మొక్కకు నీరు తక్కువైందని కంగారు పడవలసిన సందర్భాలు చాలా అరుదు.

ఏ జాతితో మొదలుపెట్టాలి

ఈ ప్రజాతి మొత్తం ఉత్తర అమెరికా పశ్చిమ ప్రాంతానికే పరిమితం. ఒకప్పుడు పోర్చులకేసీ కుటుంబంలో ఉంచిన దీన్ని ఇప్పుడు మాంటియేసీ కుటుంబంలో చేర్చారు. పెంచేవారి దృష్టితో చూస్తే ఇందులో రెండు వర్గాలు ఉన్నాయి. కొటిలెడన్, కొలంబియానా వంటివి ఏడాది పొడవునా ఆకులతో ఉంటాయి. రెడివివా, బ్రాకీకేలిక్స్, నెవాడెన్సిస్ వంటివి పూత అయ్యాక ఆకులు రాల్చి, వేసవి అంతా నేలలో నిద్రపోతాయి. రెండో వర్గానికి నిద్రాకాలంలో నీరు దాదాపు పూర్తిగా ఆపాలి. కుండీలో ఏమీ కనిపించని ఆ నెలల్లో ఎవరో ఒకరు జాలిపడి నీరు పోసేస్తారు కాబట్టి కొత్తవారికి వాటిని సూచించలేను. వాషింగ్టన్ రాష్ట్రంలోని వెనాచీ పర్వతాల ట్వీడీ జాతిని ఇప్పుడు లూయీసియోప్సిస్ అనే వేరే ప్రజాతిలో చేర్చారు. అది మరీ సున్నితమైనది, అనుభవం వచ్చాక ప్రయత్నించవలసినది. మొదటి మొక్కగా కొటిలెడన్‌ను గానీ దాని సంకరాలను గానీ ఎంచుకోవడం మంచిది. సన్‌సెట్ అనే పేరుతో దొరికే విత్తన రకాల్లో పసుపు, నారింజ, గులాబీ, ముదురు ఎరుపు పూలన్నీ వస్తాయి. పొట్టిగా పెరిగే లిటిల్ ప్లమ్ అనే సంకరం చిన్న తొట్టెలకు తగినది.

కొండల మీద నుంచి మొక్కలను తవ్వి తెచ్చుకోకూడదు. కొన్ని జాతులు చాలా తక్కువ చోట్ల మాత్రమే మిగిలి ఉన్నాయి. సెర్రాటా జాతి అంతర్జాతీయ వ్యాపారంపై సైటీస్ (అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధం కింద నియంత్రణ ఉంది. పైగా రాతి సందులో నుంచి దళసరి వేరును విరగకుండా తీయడం సాధ్యం కాదు, విరిగిన వేరు కుళ్లక మానదు. నర్సరీలో విత్తనం నుంచి పెంచిన మొక్కనే కొనాలి. కొనేటప్పుడు ఆకుల గుత్తిని రెండు వేళ్లతో నెమ్మదిగా పట్టుకుని కదిపి చూడండి. గట్టిగా నిలిచి ఉంటే మంచి మొక్క. పూలు విరగబూసి ఉన్నా సరే, గుత్తి వదులుగా ఊగితే దాని మొదలు అప్పటికే మెత్తబడిందని అర్థం.

మొదటి దశ: చోటు నిర్ణయించుకోవడం

ఈ మొక్కకు వెలుతురు బాగా కావాలి, కానీ మధ్యాహ్నపు మండుటెండ అక్కర్లేదు. ఉదయపు ఎండ తగిలే తూర్పు ముఖపు వాలు చాలా వాతావరణాల్లో సరిపోతుంది. ఉత్తరార్ధగోళంలో వేసవి తీవ్రంగా ఉండే చోట ఉత్తరం వైపు చూసే గోడ ఇంకా నయం. వేసవి మందకొడిగా ఉండే చల్లని దేశాల్లో పూర్తి ఎండలో కూడా ఇబ్బంది ఉండదు. గాలి ధారాళంగా ఆడాలి. పెద్ద చెట్ల కింద నాటితే కొమ్మల నుంచి కారే నీటి చుక్కలు, రాలిన ఆకులు గుత్తి మీద పడి తడిని పట్టి ఉంచుతాయి కాబట్టి అటువంటి చోటు వదులుకోవాలి.

రాత్రులు కూడా వేడిగా, గాలి చెమ్మగా ఉండే మైదానాల్లో ఈ మొక్క నేలలో నిలవడం కష్టం. మొదలు పొడిగా ఉన్నప్పుడు సున్నాకు పది డిగ్రీల దిగువ చలిని కూడా ఇది తట్టుకుంటుంది గానీ, వేడీ తడీ కలిసినప్పుడు కొద్ది రోజులు కూడా ఓర్చుకోలేదు. అలాంటి చోట దీన్ని పెంచాలనే పట్టుదల ఉంటే వాన పడని, గాలి బాగా ఆడే నీడపట్టున కుండీలో ఒకటి రెండు మొక్కలతోనే ప్రయత్నించడం వివేకం.

రెండో దశ: మట్టి కలపడం

మామూలు తోటమట్టి గానీ, సంచుల్లో అమ్మే పీట్ (చిత్తడి నేలల్లో నాచు కుళ్లి ఏర్పడే పీచు పదార్థం) మిశ్రమం గానీ నేరుగా వాడకూడదు. మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల పరిమాణంలో ఉండే పదునైన సన్న కంకర రెండు వంతులు, మంచి తోటమట్టి ఒక వంతు, బాగా కుళ్లి జల్లెడ పట్టిన ఆకుల ఎరువు ఒక వంతు కలిపితే సరైన మిశ్రమం వస్తుంది. వానలు ఎక్కువగా ఉండే చోట కంకరను మూడు వంతులకు పెంచవచ్చు. కంకరకు బదులు ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వత రాయి ముక్కలు దొరికితే అవి మరీ మంచివి, ఎందుకంటే వాటి రంధ్రాలు కొంత చెమ్మను దాచుకుంటూనే గాలిని కూడా ఆడనిస్తాయి. మెత్తని ఇసుక మాత్రం వద్దు. అది మట్టి రేణువుల మధ్య ఖాళీలను మూసేసి, ఉన్న పారుదలను కూడా చెడగొడుతుంది.

కొటిలెడన్‌కు తటస్థంగా గానీ కొద్దిగా ఆమ్ల స్వభావంతో గానీ ఉన్న మట్టి నచ్చుతుంది. అందువల్ల సున్నపురాయి కంకరను, పాత గోడల సున్నపు పెళ్లలను కలపకుండా గ్రానైట్ వంటి రాతి ముక్కలను ఎంచుకోవాలి. మిశ్రమం సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి దాన్ని ఒక కుండీలో నింపి పైనుంచి నీరు పోయండి: నీరు పైన మడుగు కట్టకుండా వెంటనే లోపలికి ఇంకి, కొద్ది క్షణాల్లో అడుగు రంధ్రం నుంచి కారడం మొదలవ్వాలి. తడిపిన మిశ్రమాన్ని పిడికిట్లో నొక్కి వదిలితే ముద్ద కట్టకుండా విడిపోవాలి.

మూడో దశ: నాటడం

నర్సరీ నుంచి తెచ్చిన మొక్క వేళ్ల చుట్టూ సాధారణంగా పీట్ ముద్ద ఉంటుంది, ఒక్కోసారి దాని చుట్టూ సన్నని వల తొడుగు కూడా ఉంటుంది. కంకర మట్టిలో ఆ ముద్దను అలాగే పెట్టేస్తే చుట్టూ మట్టి ఆరినా ముద్ద మాత్రం స్పంజిలా తడిని పట్టుకుని, మొదలుకు సరిగ్గా కిందనే కుళ్లు పుట్టిస్తుంది. పైగా ఒకసారి పూర్తిగా ఎండిన పీట్ మళ్లీ నీటిని తేలికగా పీల్చుకోదు. కొన్న మొక్కలు మొదటి ఏడాదిలోనే పోవడానికి ఈ ముద్దే తరచుగా కారణమని నా అభిప్రాయం. వలను కత్తెరతో తొలగించి, వేళ్లను గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచి, పీట్‌ను వీలైనంత వరకు చేతివేళ్లతో నెమ్మదిగా రాల్చివేయాలి. దళసరి వేరుకు గాయమైతే మొక్కను ఒకటి రెండు రోజులు నీడలో ఉంచి, గాయం ఆరి పొర కట్టాక నాటాలి. ఈ పనికి అనువైన సమయం పూత ముగిసిన తరువాతి వారాలు లేదా శరదృతువు ఆరంభం. నిండు పూతలో ఉన్న మొక్కను కదిలించకూడదు.

నిలువుగా నాటడం అన్నిటికన్నా ఉత్తమం. సిమెంటు లేకుండా రాళ్లు పేర్చి కట్టే గోడ మీకు ఉంటే, గోడ కడుతున్నప్పుడే మొక్కను పెట్టడం తేలిక. ఒక వరుస రాళ్లు పేర్చాక వాటి మీద కంకర మిశ్రమాన్ని పరిచి, మొక్కను అడ్డంగా పడుకోబెట్టి, వేళ్లను గోడ వెనుక ఉన్న మట్టి వైపు చాచి, ఆకుల గుత్తి మాత్రమే బయటికి చూసేలా అమర్చాలి. ఆ పైన మరికొంత మిశ్రమం వేసి, పై రాయి బరువు మొక్క మీద పడకుండా ఇరువైపులా చిన్న రాతి ముక్కలను ఆనించి, తరువాతి వరుస కట్టాలి. సందు లోపలి నుంచి బయటికి కాకుండా, బయటి నుంచి లోపలికి కొద్దిగా వాలి ఉంటే వాన నీరు వేళ్లకు అందుతుంది, గుత్తి మీద మాత్రం నిలవదు. ఇప్పటికే కట్టిన గోడలో నాటాలంటే సందుకు సరిపోయేంత చిన్న మొక్కను, అంటే ఏడాది లోపు నారును ఎంచుకుని, వేళ్లను తడి కాగితంలో చుట్టి లోపలికి జార్చి, సన్నని పుల్లతో మిశ్రమాన్ని కూరుతూ రావాలి. పెద్ద మొక్కను ఇరుకు సందులోకి నెట్టే ప్రయత్నం వేరు విరగడంతోనే ముగుస్తుంది.

గోడ లేకపోతే రాతి తోటలో వాలుగా ఉన్న చోట రెండు రాళ్ల మధ్య, మొక్కను వాలుతో పాటు పక్కకు ఒరిగేలా నాటవచ్చు. చదునైన నేల తప్ప మరేదీ లేనివారు మట్టిని జానెడు ఎత్తు గుట్టగా పోసి దాని పక్క భాగంలో నాటుకోవాలి.

కుండీ విషయానికి వస్తే కాల్చిన మట్టి కుండీయే సరైనది, ఎందుకంటే దాని గోడల గుండా తడి ఆరుతుంది. వెడల్పు కన్నా లోతు ఎక్కువగా ఉండాలి, కానీ మొక్కకు మరీ పెద్ద కుండీ పెట్టకూడదు. వేళ్లు చేరని మట్టి ఎప్పుడూ తడిగానే ఉండిపోతుంది. వేళ్లను మిశ్రమంలో సర్దేటప్పుడు ఆకుల గుత్తి అడుగుభాగం మట్టి మట్టానికి రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉండేలా చూసి, ఆ ఖాళీని పూర్తిగా సన్న కంకరతో నింపాలి. మొదలు చుట్టూ మట్టి అన్నది తగలకుండా, రాతి ముక్కల కాలర్ ఒకటి ఏర్పడాలి. దిగువ ఆకులు కూడా ఆ కంకర మీదే ఆనాలి. నాటిన తరువాత మూడు నాలుగు రోజులు నీరు పోయకుండా ఆగి, ఆపై తేలికగా తడపాలి.

నాలుగో దశ: నీరు

వసంతంలో కొత్త ఆకులు, మొగ్గ కాడలు లేస్తున్నప్పుడు మాత్రమే ఈ మొక్క నీటిని బాగా తాగుతుంది. అప్పుడు మిశ్రమం పై రెండు అంగుళాలు ఆరిన ప్రతిసారీ తడపవచ్చు. పూత అయ్యాక ఎండాకాలంలో మొక్క సగం విశ్రాంతిలోకి వెళుతుంది కనుక నీటిని బాగా తగ్గించాలి. శరదృతువులో చల్లబడ్డాక మళ్లీ కొద్దిగా పెంచవచ్చు, కొన్ని మొక్కలు ఆ సమయంలో రెండోసారి కొద్దిపాటి పూత కూడా పూస్తాయి. చలికాలంలో కుండీ మొక్కకు మిశ్రమం పూర్తిగా దుమ్ములా ఎండిపోకుండా ఉండేంత చెమ్మ చాలు.

నీరు ఎప్పుడూ ఆకుల మీద పోయకూడదు. కుండీని నీళ్లున్న పళ్లెంలో పది పదిహేను నిమిషాలు ఉంచి, పై కంకర చెమ్మగిల్లగానే తీసివేయడం మంచి పద్ధతి. పళ్లెంలోనే మరిచిపోతే మాత్రం ఇంత శ్రమా వృథా. గోడలో ఉన్న మొక్కలకు గోడ పైభాగంలో వెనుక నుంచి నీరు పోస్తే వేళ్లకు అందుతుంది. పొరపాటున గుత్తి మధ్యలో నీరు చేరితే కాగితం కొసతో పీల్చివేయాలి.

ఆకులు వడలినప్పుడు తొందరపడి నీరు పోయకండి. దాహం వేసిన మొక్క ఆకులు సన్నగా ముడతలు పడి కొద్దిగా మెత్తబడతాయి, కానీ గుత్తి నడిమి లేత ఆకులు గట్టిగా, పచ్చగా ఉంటాయి, మొదలు కదలదు. అటువంటి మొక్కను తడిపితే ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటుంది. మొదలు కుళ్లిన మొక్క ఆకులు కూడా అలాగే వడలుతాయి; కానీ వాటి అడుగున ఎర్రబారడం లేదా గోధుమరంగు మచ్చ కనిపిస్తుంది, గుత్తి ఊగుతుంది. ఈ స్థితిలో పోసే నీరు దాని చావును త్వరపరుస్తుంది. మిశ్రమం తడిగా ఉండి ఆకులు వడలుతుంటే అది దాహం కాదు.

ఐదో దశ: ఎరువు, శుభ్రత, పైకప్పు

ఎరువు గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. వసంతంలో రెండు మూడు వారాలకు ఒకసారి, పొటాష్ ఎక్కువగా, నత్రజని తక్కువగా ఉన్న ద్రవ ఎరువును సూచించిన మోతాదులో సగానికి పలుచన చేసి ఇస్తే చాలు. నత్రజని ఎక్కువైతే ఆకులు ఉబ్బి మెత్తబడి, బూజుకు సులభంగా లొంగిపోతాయి.

శుభ్రత మాత్రం అలా దాటవేయదగినది కాదు. గుత్తి అడుగున ఎండిన ఆకులు పేరుకుంటే వాటిలో తడి నిలిచి, బూడిదరంగు బూజు మొదలై, అక్కడి నుంచి మొదలుకు పాకుతుంది. పొడి వాతావరణం ఉన్న రోజున, పూర్తిగా ఎండిన ఆకులను పక్కకు లాగి తీసివేయాలి. సగం పచ్చగా ఉన్న ఆకును లాగితే మొదట్లో పచ్చి గాయం పడుతుంది కాబట్టి అది ఎండేదాకా ఆగాలి. వాడిన పూకాడలను వెంటనే మొదలంటా పీకకుండా, కొద్దిగా పొడవు వదిలి కత్తిరించి, మిగిలిన ముక్క ఎండాక తేలికగా ఊడివచ్చినప్పుడు తీయడం క్షేమం.

చదునుగా లేదా స్వల్ప వాలుగా నాటిన మొక్కలకు చలికాలపు వానల నుంచి పైకప్పు అవసరం. నాలుగు కాళ్ల మీద నిలిపిన గాజు పలకో పారదర్శకమైన ప్లాస్టిక్ రేకో చాలు, నాలుగు పక్కలా గాలి ఆడాలి. పక్కలు కూడా మూసేస్తే లోపల ఆవిరి చేరి, వాన చేసే పనినే చేస్తుంది. మంచు గురించి భయం వద్దు. పొడి మంచు కప్పిన గుత్తి చలిగాలి నుంచి రక్షణ పొందుతుంది.

తెగుళ్లు, పురుగులు

మొదలుకుళ్లు తొలి దశలోనే కంటబడితే మొక్కను కాపాడవచ్చు. మొక్కను పైకి తీసి, మెత్తబడిన భాగాన్ని పదునైన శుభ్రమైన కత్తితో గట్టి తెల్లని కండ కనిపించేదాకా కోసివేసి, కోత మీద గంధకం పొడి చల్లి, నీడలో గాలి తగిలే చోట కొద్ది రోజులు ఆరనిచ్చి, కొత్త కంకర మిశ్రమంలో నాటాలి. వేరు మొత్తం పోయి గుత్తి మాత్రమే మిగిలినా దాన్ని పిలకలాగా మళ్లీ వేళ్లు పట్టించే అవకాశం ఉంది.

పురుగుల్లో ప్రమాదకరమైనది వైన్ వీవిల్ అనే ముక్కుపురుగు. దాని కాళ్లు లేని తెల్లని పిల్లపురుగులు వంకర తిరిగి మట్టిలో దాగి దళసరి వేరును తినేస్తాయి. పైకి ఏమీ తెలియదు, ఒకరోజు గుత్తి చేతికి ఊడివస్తుంది. కుండీ మార్చేటప్పుడు వేళ్లను పరీక్షించడం ఇందుకే. పేనుబంక పూకాడల మీద, వేరు పిండినల్లి కుండీ గోడల వెంట కనిపిస్తాయి. స్లగ్‌లు (గుల్ల లేని నత్తలు) లేత మొగ్గలను కొరుకుతాయి గానీ, పదునైన కంకర కాలర్ వాటిని కొంతవరకు ఆపుతుంది.

ఆరో దశ: పిలకలతో వృద్ధి

నచ్చిన రంగు మొక్కను అచ్చంగా అదే లక్షణాలతో పెంచాలంటే పిలకలే మార్గం. రెండు మూడేళ్లు నిండిన మొక్క ప్రధాన గుత్తి పక్కన చిన్న గుత్తులను వేస్తుంది. పూత ముగిసిన వెంటనే అటువంటి పిలకను ఒక సెంటీమీటరు కాడతో సహా కోసి, అడుగు ఆకులు తీసి, కోత భాగం ఒకటి రెండు రోజులు ఆరాక, ముతక ఇసుకా, పెర్లైటూ (వేడితో ఉబ్బించిన తేలికైన తెల్లని రాతి గుళికలు) సమంగా కలిపిన మిశ్రమంలో గుచ్చాలి. నీడలో ఉంచి చాలా పొదుపుగా తడపాలి. వేళ్లు పట్టడానికి నెల నుంచి రెండు నెలలు పడుతుంది. మధ్యలో లాగి చూడకుండా, నడిమిన కొత్త ఆకు పుట్టేదాకా ఆగాలి. తల్లి మొక్క మీద పడిన గాయానికి కూడా గంధకం చల్లి, అది ఆరేదాకా ఆ వైపు తడి తగలనీయవద్దు.

ఏడో దశ: విత్తనం నుంచి

రంగు ఏది వచ్చినా సరే అనుకునేవారికి విత్తనమే ఎక్కువ సంతోషాన్నిస్తుంది. లూయీసియాలు పక్కపక్కనే ఉంటే సులభంగా సంకరమవుతాయి కాబట్టి తోటలో సేకరించిన విత్తనం నుంచి తల్లిని పోలిన మొక్క వస్తుందని ఆశించకూడదు. పూత అయిన కొన్ని వారాలకు కాయలు ఎండి, పై మూత ఊడి, నల్లగా మెరిసే చిన్న గింజలు బయటపడతాయి. అవి ఒక్క గాలికి చెదిరిపోతాయి కనుక కాయ గోధుమరంగుకు తిరగగానే కాడను కాగితం సంచిలోకి వంచి కోయాలి.

తాజా విత్తనాన్ని శరదృతువులో చల్లడం ఉత్తమం. కంకర మిశ్రమం మీద గింజలను పలుచగా చల్లి, పైన కొన్ని మిల్లీమీటర్ల సన్న కంకర పరిచి, కుండీని కింద నుంచి తడిపి, చలి తగిలే చోట ఆరుబయట వదలాలి. గింజలకు చెమ్మతో కూడిన చలి కొన్ని వారాలు తగిలితేనే మొలకెత్తే శక్తి మేలుకుంటుంది. చలికాలం తేలికగా ఉండే చోట గింజలను తడి ఇసుకలో కలిపి, సంచిలో మూసి, ఫ్రిజ్ అర లోపల రెండు నుంచి ఐదు డిగ్రీల వద్ద ఆరు వారాలు ఉంచి, తరువాత చల్లవచ్చు. మొలక చల్లని వసంతపు రోజుల్లోనే వస్తుంది. ఇరవై డిగ్రీలు దాటిన వెచ్చదనంలో గింజలు మళ్లీ నిద్రలోకి జారుకుంటాయి కాబట్టి వేడి చేసే ట్రేలు వాడవద్దు. మొదటి వసంతంలో ఏమీ మొలవలేదని కుండీని పారబోయకండి. కొన్ని గింజలు మరో చలికాలం గడిచాక లేస్తాయి.

మొలకలకు రెండు మూడు అసలు ఆకులు వచ్చాక, వాటిని ఆకు పట్టుకుని ఎత్తి, చిన్న కుండీల్లోకి ఒక్కొక్కటిగా మార్చాలి. పెద్ద మొక్కలకు చెప్పిన కంకర కాలర్ ఈ నారుకూ వర్తిస్తుంది, మందం ఒక సెంటీమీటరు సరిపోతుంది. లేత వేళ్లకు ఇంకా నీటి నిల్వ ఉండదు కనుక మొదటి వేసవిలో మాత్రం వీటిని పూర్తిగా ఎండనీయకుండా, నీడపట్టున కొద్దిపాటి చెమ్మతో దాటించాలి. పూత సాధారణంగా రెండో ఏడాదిలో గానీ మూడో ఏడాదిలో గానీ వస్తుంది. రాతి సందులో నాటదలచిన నారును అప్పటిదాకా కుండీలో ఉంచనక్కర్లేదు; మొదటి శరదృతువులోనే, వేరు ఇంకా సన్నగా, వంగే స్థితిలో ఉండగా సందులోకి చేర్చి, రంగు చూసి ఎంచుకోదలచిన వాటిని మాత్రం కుండీల్లోనే ఆపుకోవచ్చు.